వంద వాట్ల ఎండ

"ఆఫ్‌గ్రిడ్" అనే మాటకు అమెరికాలో రెండు అర్థాలున్నాయి. ఒకటి, కరెంటు తీగలకు అందనంత దూరం వెళ్ళి నాలుగు రోజులు ఆకాశం కింద గడిపి రావడం. అది సెలవు. రెండోది, తీగ ఇంటిదాకా రాకపోవడం. అది లేమి. మొదటిదానికి దుకాణాలున్నాయి, ప్రకటనలున్నాయి, మడతపెట్టే కుర్చీలున్నాయి. రెండోదాన్ని ఆ మాటతో పిలిచేవాళ్ళే తక్కువ. 2023 అక్టోబర్‌లో అమ్మా నేనూ దక్షిణ యూటాలో అయిదు రోజులు ఉండి వచ్చాం. ఆ తర్వాత ఈ రెండు అర్థాలనూ విడదీసి ఆలోచించడం నావల్ల కావడం లేదు. మూడో అర్థం ఒకటి ఉందని కూడా అక్కడే తెలిసింది.

నాకున్నది పదమూడడుగుల పాత ట్రైలర్. ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగంలో పాఠాలు చెప్పుకునే నాకు ఇల్లు కొనడం జరిగే పని కాదు, కారు వెనక కట్టుకుపోయే ఈ గది మాత్రం జరిగింది. పగలు బల్ల అయ్యేది రాత్రికి మంచమవుతుంది. రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి ఉంది. కరెంటు సంగతికొస్తే, పుస్తకంలా మడిచే వంద వాట్ల సౌరఫలకం ఒకటి, అయిదు వందల వాట్-అవర్ల బ్యాటరీ పెట్టె ఒకటి. కప్పు మీద బిగించిన ఫలకం కన్నా ఇలా చేత్తో మోసేది మేలు. ట్రైలర్ నీడలో ఉంటే మనకు చల్లగా ఉంటుంది, పొడుగాటి వైరుతో ఫలకాన్ని ఎండలో కూర్చోబెట్టవచ్చు. పొద్దు తిరిగినట్టల్లా దాన్నీ తిప్పాలి. ఒక మూల మీద కొమ్మ నీడ పడినా కరెంటు సగానికి సగం పడిపోతుంది. లోపలి గడులన్నీ వరసగా ఒకే గొలుసులో ఉంటాయి, ఒకటి నీరసిస్తే అన్నీ నీరసిస్తాయి.

పేరుకు వంద వాట్లే గానీ మంచి ఎండలో చేతికొచ్చేది డెబ్బై. రోజు మొత్తం మీద మూడు వందల చిల్లర వాట్-అవర్లు. నా లాప్‌టాప్ మూడు గంటలకు నూట యాభై తింటుంది. ఫోన్లకు ముప్ఫై. అయిదు వాట్ల దీపం నాలుగు గంటలకు ఇరవై. మిక్సీ పెడితే పెట్టె కీచుమని ఆగిపోతుంది. ఈ లెక్కంతా అమ్మకు చెబుతుంటే నవ్వింది. "గింతేనా? నెలాఖర్ల బియ్యం డబ్బ చూస్కున్నట్టే గదనే" అంది. నిజమే. ఎంత వస్తుంది, ఎంత పోతుంది, రేపటికి ఎంత మిగలాలి అన్నది ఆడవాళ్ళకు కొత్త శాస్త్రం కాదు. పెట్టె మీద అంకెలు చూసే పని రెండో రోజుకల్లా అమ్మ తీసేసుకుంది.

దారి గురించిన అమెరికన్ రచనలను నేను క్లాసులో చెబుతుంటాను. 1960లో స్టైన్‌బెక్ లారీ మీద చిన్న గది కట్టించుకుని, దానికి డాన్ కిహోటే గుర్రం పేరు పెట్టి, కుక్కను వెంటబెట్టుకుని దేశం చూడబోయాడు. అతనికి యాభై ఏళ్ళ ముందే, 1909లో, ఇరవై రెండేళ్ళ ఆలిస్ రామ్‌సే న్యూయార్క్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు యాభై తొమ్మిది రోజుల్లో కారు నడిపింది. వెంట ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళెవరికీ డ్రైవింగ్ రాదు. ఆ ప్రయాణం మా పాఠ్యప్రణాళికలో లేదు. మనవైపు పోతం జానకమ్మ ఇంగ్లండు వెళ్ళొచ్చి రాసిన పుస్తకం 1876 నాటిది. మన సాహిత్య చరిత్రల్లో ఆమెకు దక్కిన చోటెంతో మనకు తెలుసు. మగవాడి ప్రయాణ కథ ఇల్లు విడవడంతో మొదలవుతుంది. ట్రైలర్ ఆ కథను కొంచెం చెడగొడుతుంది, ఎందుకంటే ఇల్లు కూడా వెంట వస్తుంది. ఇల్లు వస్తే వంటిల్లూ వస్తుంది. వచ్చిన వంటింట్లో ఎవరు నిలబడతారన్నదే అసలు ప్రశ్న.

అమ్మ అమెరికా వచ్చింది నన్ను చూడ్డానికి కాదు. అన్న రెండో బిడ్డను చూసుకోవడానికి. ఆర్నెల్ల వీసా మీద వచ్చిన అమ్మలు, అత్తలు ఇక్కడి తెలుగిళ్ళలో చేసే పనికి జీతం లేదు, పేరు కూడా లేదు. "అమ్మ వచ్చింది" అంటారు, అంతే. వదిన తప్పు పడదామన్నా కుదరదు, ఆమెకు దొరికిన ప్రసూతి సెలవు కొద్ది వారాలే. ఒకామె ఉద్యోగం నిలవడానికి ఇంకొకామె నడుం వంగుతుంది. అమ్మకప్పుడు అరవై నాలుగేళ్ళు. ఆమెను అయిదు రోజులు అడిగి తీసుకోవడానికి నాకు మూడు వారాల ఫోన్లు పట్టాయి.

మేం ఉన్నది వ్యాలీ ఆఫ్ ది గాడ్స్ అనే చోట. ఎర్రరాతి గుట్టలు, మట్టిదారి. ప్రభుత్వ భూమి, డబ్బు కట్టక్కర్లేదు, పద్నాలుగు రోజుల దాకా ఉండొచ్చు. నీళ్ళు, కరెంటు లేవు. దక్షిణాన శాన్ హువాన్ నది, దానికవతల నవాహో నేషన్. అక్కడ వేల కుటుంబాలకు ఇప్పటికీ కరెంటు తీగ రాలేదు. నవాహో నేల మీదే పేజ్ ఊరి దగ్గర పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం 1970ల నుంచి 2019 దాకా నడిచింది. ఆ కరెంటు కొలరాడో నది నీళ్ళను ఫీనిక్స్, టూసాన్ నగరాలకు ఎత్తిపోసింది. పొగ ఇక్కడ, వెలుగు అక్కడ. సరదాకు తెచ్చుకున్న నా ఫలకం లాంటివే నది అవతల కొన్ని ఇళ్ళకు ఆధారం. అక్కడ వాటిని ఎవరూ క్యాంపింగ్ అనరు.

అక్టోబర్ 14 ఉదయం సూర్యగ్రహణం. ఉంగరం గ్రహణం సరిగ్గా ఆ గుట్టల మీదుగా పోయింది. ఆ పొద్దున నవాహో వాళ్ళు మాన్యుమెంట్ వ్యాలీతో సహా తమ పార్కులన్నీ మూసేశారు. గ్రహణమప్పుడు ఇంట్లో ఉండాలి, తినకూడదు, తాగకూడదు, చూడకూడదు అన్నది వాళ్ళ ఆచారం. అమ్మకు ఈ సంగతి చెబితే, "చూసినవా, వీళ్ళకు గూడ ఉన్నది పట్టింపు" అంది, చుట్టాలు దొరికినట్టు. తర్వాత కాసేపటికి 1980 ఫిబ్రవరి 16 గురించి చెప్పింది. సంపూర్ణ గ్రహణం, నల్గొండ జిల్లాలో పట్టపగలు చీకటి పడ్డ రోజు. కడుపులో అన్న. కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో కాలు ముడవకుండా, చెయ్యి కదపకుండా పడుకోబెట్టారు. దాహమైతే ఓర్చుకొమ్మన్నారు. "బయట అందరు చూసిన్రు. నేనొక్కదాన్నే చూడలే."

నది అవతలి పట్టింపునూ మా ఇంటి పట్టింపునూ ఒక గాటన కట్టడానికి నాకు మనసొప్పలేదు. ఒకచోట ఊరంతా కలిసి సూర్యుడి ముందు తలొంచుతుంది. మరోచోట కడుపుతో ఉన్న ఒక్క ఆడదాన్ని చీకట్లో పడుకోబెట్టి మిగతావాళ్ళు తమ పని చూసుకుంటారు.

తొమ్మిది దాటాక మొదలైంది. అమ్మ కాగితపు కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి పైకి, తీసి ఒకసారి పెట్టె మీది అంకెల వైపు చూస్తోంది. అరవై అయిదు. నలభై. ఇరవై రెండు. పదిన్నర ప్రాంతంలో ఆరు. ఎండ ఉంది గానీ పాతబడ్డట్టు ఉంది, చలేసింది. పైన సన్నటి ఉంగరం. నాలుగు నిమిషాలకు పైగా నిలిచింది. అమ్మ ఏమీ మాట్లాడలేదు. అంకె మళ్ళీ తొమ్మిదికి, పదమూడుకు ఎక్కుతుంటే మాత్రం, "వచ్చింది, వచ్చింది" అని నా భుజం తట్టింది.

కానీ ఆ ప్రయాణంలో నాకు ఎక్కువ గుర్తున్నది గ్రహణం కాదు, ఆ రాత్రి. ట్రైలర్‌లో ఉన్న రంగనాయకమ్మ నవల ఒకటి తీసుకుని అమ్మ తొమ్మిదికి పడుకుని చదవడం మొదలుపెట్టింది. నాకు మెలకువ వచ్చి చూస్తే ఒంటిగంట. దీపం వెలుగుతూనే ఉంది. "పెట్టెల ఇంక ఉన్నది, చూసిన" అంది, నేనేమీ అడగకముందే. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఒకటే కందిలి. అది మామయ్య చదువుకు. అమ్మ పుస్తకం తీస్తే అమ్మమ్మ, గాసునూనె దండగ అని ఆర్పేసేదట. ఇప్పుడు అన్న ఇంట్లో ప్రతి గదిలో ఆరేసి దీపాలున్నాయి, బిల్లు ఎవరూ చూడరు. కానీ అమ్మ పడుకునేది పసివాడి పక్కన. ఎనిమిదిన్నరకు దీపం తీసేయాలి, లేకపోతే వాడు నిద్రపోడు.

నేను తెలుసుకున్న మూడో అర్థం ఇదే. తీగ ఇంటిదాకా వస్తుంది, ఇంట్లో ఉన్న మనిషిదాకా రాదు. అమ్మ ఆ రాత్రి వాడుకున్నది ఇరవై వాట్-అవర్లు. అరవై నాలుగేళ్ళలో ఏ ఇల్లూ ఆమెకు ఇవ్వలేకపోయింది అంతే. స్త్రీల స్వేచ్ఛ గురించి సెమినార్లలో నేను చదివిన పత్రాల్లో ఇంత చిన్న కొలత ఎక్కడా లేదు.

సౌరఫలకం ఎవరినీ విముక్తం చేయదు. ఆ అయిదు రోజులూ పొయ్యి దగ్గర నిలబడింది నేను కాబట్టి, పసివాడు అక్కడ లేడు కాబట్టి, ఆ దీపం అమ్మది అయింది. వంతు మారకపోతే ఎండ ఎంత కాసినా ఒకటే.

అమ్మ డిసెంబర్‌లో నల్గొండ వెళ్ళిపోయింది. అన్న మళ్ళీ రమ్మంటున్నాడు. ఈసారి అమ్మ నాకు ముందే ఫోన్ చేసింది. "అల్లెప్పుడు వస్తవో చెప్పు, ఆ తారీఖులు మీ అన్నకు నేనే చెప్త" అంది. సగం చదివిన నవల ఆ బల్ల కిందే ఉంది. ఎక్కడ ఆపిందో గుర్తుగా బస్సు టికెట్టు పెట్టి వెళ్ళింది.