ముందు బ్రేకులు కొన్నా

మా ఇంట్లో బీరువా పక్కన మూడు అట్టపెట్టెలున్నాయి. ఒకదాంట్లో బ్రేకులు, ఇంకోదాంట్లో గేర్ల సామాను, మూడోదాంట్లో రెండు టైర్లు. సైకిల్ మాత్రం ఇంకా రాలేదు. "పెళ్లికూతురు కుదరకుండానే పుస్తెలు చేయించినట్టుంది నీ యవ్వారం" అంటుంది అమ్మ, ఇల్లు ఊడ్చేటప్పుడల్లా ఆ పెట్టెల్ని పక్కకు జరుపుతూ.

అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. నేను కొంటున్నది షోరూములో నిలబెట్టిన సైకిల్ కాదు. ఫ్రేమ్ ఒకచోట, ఫోర్క్ ఇంకోచోట, ఇలా ఒక్కో పార్టూ విడిగా కొని నా చేత్తో బిగించుకునే ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్. ముందు ఫోర్కులోనే కాకుండా వెనక చక్రానికి కూడా షాక్ అబ్జార్బర్ ఉండే రకం. ఫ్రేమ్ వచ్చే నెల రావాలి. ఈలోపు నా పని ఫోన్‌లో లిస్టు రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం. విశాఖలో ఉద్యోగం చేస్తూ రెండేళ్లలో దాచింది 1,75,000. అంతా ఆ లిస్టులోకే వెళ్తోంది.

ఇలా సైకిల్ కట్టుకునే వాళ్లు చాలామంది ఫ్రేమ్ రంగుతో మొదలుపెడతారు. నేను బ్రేకులతో మొదలుపెట్టా. ఎందుకో చెప్పాలంటే కిందటి ఏడాది అక్టోబరుకి వెళ్లాలి.

డోలీలో నేను

మాది అరకు. నాన్న కొత్తవలస–కిరండూల్ రైల్వే లైన్లో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. శని, ఆదివారాలు విశాఖ నుంచి ఇంటికొచ్చి సైకిలేసుకుని కొండలెక్కడం నా అలవాటు. అప్పుడు నాకు హార్డ్‌టెయిల్ ఉండేది. అంటే ముందు మాత్రమే సస్పెన్షన్. 62 వేలు పెట్టి కొన్నా. తర్వాత ఇంకో 14 వేలు పెట్టి కార్బన్ హ్యాండిల్‌బార్, ఎర్ర పెడళ్లు, ఎర్ర సీటు క్లాంపు వేయించా. ఫొటోలో అదిరిపోయేది. బ్రేకులు మాత్రం కొన్నప్పుడు వచ్చినవే. ప్యాడ్లు అరిగాయని తెలుసు. 'వచ్చే నెల మారుద్దాంలే' అనుకుంటూ మూడు నెలలు గడిపేశా.

ఆ ఆదివారం అనంతగిరి వైపు కాఫీ తోటల్లోంచి దిగే కాలిబాటలో వెళ్తున్నా. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు. రాత్రి వాన పడింది. ఎర్రమట్టి సబ్బులా జారుతోంది. పది నిమిషాలు వరసగా బ్రేకు మీదే దిగాక లివరు మెత్తబడింది. నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది, బండి ఆగట్లేదు. సరిగ్గా అప్పుడే మలుపులో ముగ్గురు ఆడవాళ్లు ఎదురొచ్చారు, నెత్తి మీద కట్టెల మోపులతో. వాళ్లకు తగలకూడదని పక్కకు తిప్పా. వాగు రాళ్ల మీద పడ్డా. కుడి చీలమండ విరిగింది.

ఆ ఆడవాళ్లే మోపులు దించి ఊళ్లోకి కేకేశారు. నలుగురు మగవాళ్లు వెదురు బొంగు, దుప్పటి పట్టుకొచ్చారు. డోలీ అంటే అప్పటిదాకా నాకు పేపర్లో ఫొటో. రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణుల్ని, జ్వరాలొచ్చిన వాళ్లని మోసుకొస్తున్న వార్తలు చదివి, షేర్ చేసి, మర్చిపోయిన వాణ్ణే నేను. ఆ రోజు అందులో పడుకుని ఆకాశం చూస్తూ రోడ్డు దాకా వెళ్లా. బొంగు మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటున్నారు, మాట్లాడటం లేదు. ఒకతను మాత్రం వెనకాల నా సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాడు.

"సైకిల్ ఎంత బాబూ?" అని అడిగాడు.

"ఎనిమిది వేలు" అన్నా.

ఎందుకలా అన్నానో తెలుసు. ఆ బొంగు కింద నిజం చెప్పడానికి నోరు రాలేదు. 76 వేల సైకిల్. అందులో నేను మార్చని ప్యాడ్ల ఖరీదు జత 600.

పందేనికి బ్రేకు పేరు

కాలికి కట్టుతో మంచం మీద ఉన్న రోజుల్లో మౌంటెన్ బైకుల చరిత్ర చదివా. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లు తీసుకుని కొండల మీద నుంచి దిగేవాళ్లు. 1976 అక్టోబరు 21న మరీన్ కౌంటీలో ఒక పందెం పెట్టుకున్నారు. దాదాపు మూడు కిలోమీటర్లకు పైగా దిగుడు, 400 మీటర్ల ఎత్తు తేడా. ఆ పందెం పేరు 'రీప్యాక్'. వాళ్ల సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులుండేవి. ఒక్కసారి దిగేసరికి చక్రం హబ్‌లో గ్రీజు కాలి పొగైపోయేది. మళ్లీ గ్రీజు కూరితే తప్ప ఇంకోసారి దిగలేరు. అలా మళ్లీ కూరడమే రీప్యాక్. ఈ ఆటలో తొలి పేరున్న పందేనికి ఆ పేరు వచ్చింది కాలిపోయిన బ్రేకుల వల్లే!

నాన్నకి చదివి వినిపించా. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మా లైనూ అంతే కదరా. బైలదిల్లాలో ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు విశాఖ పోర్టుకి దిగాల. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తు. అక్కడినుంచి కిందకి సముద్రం దాకా దిగుడే. ఎక్కడం ఇంజిన్ పని, దిగడం బ్రేకు పని. బ్రేకు మీద నమ్మకం లేకపోతే బండి కదలకూడదు."

తర్వాత నేనే లెక్కేసి చూశా. నేనూ సైకిలూ కలిపి 85 కిలోలు. 500 మీటర్లు కిందకి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 4,16,000 జౌల్స్. గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి. మిగతాదంతా బ్రేకుల్లో వేడిగా మారాల్సిందే. మొత్తంగా చూస్తే లీటరుకి పైగా చల్లటి నీళ్లను మరిగించేంత వేడి అది. అంత వేడిని అరచేతిలో సగం లేని ప్యాడ్లు, పల్చటి ఇనుప రేకు డిస్కులు భరించాలి. ఆ రోజు నా లివరు ఎందుకు మెత్తబడిందో అప్పుడు అర్థమైంది.

లిస్టు ఇలా తయారైంది

అందుకే కొత్త సైకిల్‌కి మొదట బ్రేకులు. ఒక్కో కాలిపర్‌లో నాలుగు పిస్టన్లున్న హైడ్రాలిక్ రకం. ముందు డిస్కు 203 మిల్లీమీటర్లు, వెనక 180. డిస్కు పెద్దదైతే పట్టు పెరుగుతుంది, వేడి పరుచుకోవడానికి చోటూ ఎక్కువ. కొనేముందు ఫ్రేమ్, ఫోర్క్ ఎంత సైజు డిస్కు దాకా ఒప్పుకుంటాయో చూసుకోవాలి. లోపల మినరల్ ఆయిల్ వాడేవే తీసుకున్నా. డాట్ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, పీల్చుకున్న కొద్దీ త్వరగా మరుగుతుంది. మా వానాకాలంలో అల్మారాలో బట్టలకే బూజు పడుతుంది. ప్యాడ్లు సింటర్డ్ మెటల్‌వి. తడిలో కాస్త కీచుమంటాయి, కానీ బురదలో, వేడిలో త్వరగా అరగవు. స్పేర్ జతలు రెండు బ్యాగులోనే ఉంటాయి.

తర్వాత సస్పెన్షన్ ఎంత ఉండాలన్నది. 170 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉన్న ఫ్రేములు చూస్తే నోరూరుతుంది. కానీ మా దగ్గర లిఫ్టులు లేవు. దిగిన ప్రతి మీటరూ ముందు తొక్కి ఎక్కాల్సిందే. అందుకే 140 దగ్గర ఆగా. వెనక షాక్ గాలితో పనిచేస్తుంది. దాని స్ట్రోక్ 55 మిల్లీమీటర్లు. నేను ఎక్కి కూర్చుంటే అందులో 30 శాతం, అంటే 16-17 మిల్లీమీటర్లు కుంగేలా గాలి పెట్టుకోవాలి. దీన్నే సాగ్ అంటారు. ఎంత ఖరీదు షాక్ అయినా ఈ కొలత తప్పితే చెక్క మీద కూర్చున్నట్టే.

గేర్ల దగ్గర అందరూ 12 స్పీడ్ అన్నారు. నేను షిమానో లింక్‌గ్లైడ్ 11 స్పీడ్‌కి వెళ్లా. బరువెక్కువే. కానీ పళ్లు మందంగా ఉంటాయి, త్వరగా అరగకుండా ఉండటానికే చేసిన రకం. ఎర్రమట్టి, ఇసుక కలిసి చెయిన్‌ని ఆకురాయిలా తింటాయని పాత సైకిల్‌తో నేర్చుకున్నా. ముందు 30 పళ్లు, వెనక పెద్ద చక్రం 50 పళ్లు. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే బండి సుమారు 1.4 మీటర్లే కదులుతుంది. నడిచేవాళ్లు దాటిపోతారు. పోనీ, ఊపిరి మిగులుతుంది కదా.

చక్రాలు 29 అంగుళాలవి, 32 పుల్లలు. తక్కువ పుల్లల చక్రం తేలిగ్గా ఉంటుంది, కానీ ఒకటి తెగితే రిమ్ము వంకర తిరగడం ఎక్కువ. పుల్లలు కూడా మామూలు వంపు తలవే. అవి సైజు చెబితే విశాఖలో దొరుకుతాయి. టైర్లు ట్యూబ్‌లెస్. లోపల పోసే సీలెంట్ చిన్న చిన్న ముల్లు బొక్కల్ని అదే పూడ్చేస్తుంది, కాకపోతే కొన్ని నెలలకు ఎండిపోతుంది, మళ్లీ పోయాలి.

అన్నిటికన్నా విసుగు పుట్టించేది కొలతలు. వెనక హబ్ 148 మిల్లీమీటర్లా? సీటు గొట్టం 30.9 ఆ, 31.6 ఆ? ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా ఆ పార్టు బీరువా పక్కనే ఉండిపోతుంది. కాబట్టి ఆర్డర్ పెట్టేముందు ఫ్రేమ్ తయారీదారు ఇచ్చిన కొలతల కాగితం పక్కన పెట్టుకోండి, జ్ఞాపకాన్ని నమ్మకండి.

పోయినసారి కార్బన్ హ్యాండిల్‌కి పెట్టిన డబ్బు ఈసారి డ్రాపర్ సీట్‌పోస్ట్‌కి వెళ్లింది. దిగుడులో బటన్ నొక్కి సీటు కిందకి దించుకుంటే ఒళ్లు వెనక్కి జరపడానికి చోటుంటుంది. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు కూడా సైకిల్ లిస్టులోనే రాశా. వేరే లిస్టులో రాస్తే 'వచ్చే నెల' అయిపోతాయని నాకు తెలుసు.

లిస్టులో అన్నిటికన్నా చవకది 150 రూపాయల గంట. మా కాలిబాటలు సైకిల్ ట్రాక్‌లు కావు. సంతకి వెళ్లేవాళ్లవి, కట్టెలు మోసేవాళ్లవి, బడికి నడిచే పిల్లలవి. మలుపుకి ముందే గంట కొట్టి, నెమ్మదించి, దారి వాళ్లకివ్వాలి. ఫ్రెండ్స్ నవ్వుతున్నారు, రెండు లక్షల సైకిల్‌కి గంటేంట్రా అని.

ఫోర్క్ సంగతి

ఫోర్క్ గురించి ఇంకా చెప్పలేదు. పాత హార్డ్‌టెయిల్ అమ్మితే 35 వేలు వస్తాయి. అది కలుపుకుని 55 వేల పైన ఒక మంచి ఫోర్క్ అనుకున్నా. ధర కూడా మాట్లాడేశా.

ఫిబ్రవరిలో కాలు కుదురుకున్నాక ఆ ఊరికి నడిచి వెళ్లా. ఆ నలుగురికీ కనీసం ఒక దండం పెట్టాలి కదా. నా సైకిల్ నడిపించుకొచ్చినతను పొలం దగ్గర కనిపించాడు. కాలెలా ఉందని అడిగాడు. ఆ వెంటనే, "బాబూ, నీ సైకిల్లాంటిది ఎనిమిది వేలకి ఎక్కడా లేదంటన్నారు. మావోడు ఇంటర్ చదువుతున్నాడు, అడుగుతున్నాడు. నువ్వు ఎక్కడ కొన్నావు?" అన్నాడు.

నేను డోలీలో పడుకుని నోటికొచ్చిన అంకె చెప్పా. ఆయన దాన్ని పట్టుకుని నాలుగు నెలలు షాపుల చుట్టూ తిరిగాడు.

"అన్నా, ఎనిమిది వేలు కాదు. 76 వేలు. ఆ రోజు అబద్ధం చెప్పా" అన్నా.

కాసేపు నన్నే చూశాడు. తిడతాడనుకున్నా. "అంత డబ్బెట్టి ఆగడం లేని బండి కొన్నావేటి?" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వా గానీ, ఇంటికొచ్చేదాకా ఆ మాట వదల్లేదు.

ఆ రాత్రి లిస్టు మళ్లీ తీశా. పాత సైకిల్‌కి 4 వేలు పెట్టి కొత్త ప్యాడ్లు, పెద్ద డిస్కులు వేసి, బ్రేకుల్లో ఆయిల్ మార్చా. తర్వాతి ఆదివారం తీసుకెళ్లి ఆయనకి ఇచ్చా, నేను చెప్పిన ధరకే. ఊరికే ఇస్తానంటే ఒప్పుకోలేదు. "మేం మోసింది డబ్బులకి కాదు" అన్నాడు. ఆ ఎనిమిది వేలు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. కొడుక్కి మొదటి గంటంతా నేర్పింది ఆపడమే. ముందు బ్రేకు ఎంత, వెనక బ్రేకు ఎంత, ఎక్కడ వదలాలి అని.

దాంతో నా 55 వేల ఫోర్క్ పోయింది. 25 వేలది ఆర్డర్ పెట్టా. ట్రావెల్ 140 ఉంది, గాలి సర్దుకోవచ్చు. ఖరీదైనదాంట్లో ఉండే మిగతా సర్దుబాట్లు లేవు, బరువు కూడా ఎక్కువే. వేగంగా రాళ్ల మీద దిగేటప్పుడు ఆ తేడా నా చేతులకి తెలుస్తుంది. కొంచెం నెమ్మదిగా దిగుతా.

నాన్న మాత్రం ఫ్రేమ్ కోసం నాకన్నా ఎక్కువ ఎదురుచూస్తున్నారు. జీవితమంతా సుత్తి పట్టుకుని పట్టాల వెంబడి నడుస్తూ, వదులైన క్లిప్పులు వెతికిన మనిషి. ఫుల్ సస్పెన్షన్‌లో కదిలే కీళ్లు ఎక్కువ, ప్రతి కీలుకీ బేరింగ్, బోల్టు ఉంటాయని చెప్పగానే ఆయన కళ్లు మెరిశాయి. "బేరింగుల మీద నంబరుంటుంది, రాసి పెట్టుకో. బిగించిన ప్రతి బోల్టు మీదనుంచి ఫ్రేమ్ మీదకి ఒక గీత గియ్యి. గీత తప్పిందంటే బోల్టు కదిలినట్టే" అన్నారు. టార్క్ రెంచ్ కొన్నానని చెప్పినా, చెల్లి నెయిల్ పాలిష్ సీసా తెచ్చి నా పెట్టెలో పడేశారు.

ఆ సీసాతో కలిపి ఇప్పుడు లిస్టు పూర్తయింది. ఈ సైకిల్ ఎంత అని దారిలో ఎవరైనా అడిగితే, పార్టు పార్టు ధరా చెబుతా.