రంగులు మారిన చోట

అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో పేపర్లు చదివే దగ్గర ఒక పెద్దాయనతో స్నేహం కుదిరింది. నేను చాచా అనేవాణ్ని, ఆయన బేటా అనేవాడు. నాకు పాత కట్టడాల పిచ్చి ఉందని తెలిసి, ఒకరోజు "రా, ఒకటి చూపిస్తా" అన్నాడు.

ముందు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూటయాభై మంది దాకా ఆ చెట్టెక్కి బతికారంటారు. వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, కూడా అలాగే బతికిందని చెప్పాడు. నేను తలూపాను. నా ధ్యాసంతా వెళ్లబోయే చోటు మీదే ఉంది. మూసీ మీది నయాపూల్ వంతెన దాటి బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు నడిచాం.

చార్మినార్ లేచిన కొన్నేళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన పీర్ల కొలువు అది. గోడల మీది పింగాణీ పని 1611 నాటిది. పలక మీద బొమ్మ గీసిన పని కాదు. నీలం, ఆకుపచ్చ, ఆవపసుపు, ఒక్కో రంగు పలకనూ వేరుగా కాల్చి, రెక్కకు రెక్క, తీగకు తీగ కోసి, పక్కపక్కన పొదిగారు. దగ్గరికెళ్లి చూస్తే ముక్కకూ ముక్కకూ మధ్య సన్నటి అతుకు కనిపిస్తుంది. అన్నేళ్లయినా మెరుపు తగ్గలేదు. గోడ కింది భాగం మాత్రం వేరు. ఆ 1908 వరదకు అక్కడి పలకలు పాడైతే, తర్వాత పైనున్న నమూనానే చూసి రంగులతో వేశారు. అక్కడ మెరుపు లేదు, గీత మొద్దు.

చాచా సరిగ్గా ఆ రెండూ కలిసే చోట చెయ్యి చూపించి, "ఇదిగో, ఇక్కడిదాకా..." అని మొదలుపెట్టాడు. నేను పూర్తి కానివ్వలేదు. ఆ రంగుల పని ఎంత నాసిగా ఉందో, పొదుగుడు పనికీ పూతకూ తేడా ఏమిటో చదువుకున్నదంతా ఏకరువు పెట్టాను. "ఇలా పాడుచేసే బదులు ఖాళీగా వదిలేసినా బాగుండేది" అని కూడా అన్నాను. ఆయన చెయ్యి దించేశాడు. తిరుగుదారిలో ఏమీ మాట్లాడలేదు. అలిసిపోయాడనుకున్నాను.

తర్వాత లైబ్రరీలో నాకు దూరంగా కూర్చునేవాడు. పలకరిస్తే జవాబిచ్చేవాడు, అంతే. కొన్నాళ్లకు రావడమే మానేశాడు. ఆయన ఇల్లెక్కడో నేనెప్పుడూ అడగలేదు.

ఆ లైబ్రరీలోనే వరద గురించి చదువుతుంటే విషయం తట్టింది. ఆయన నాకు పింగాణీ చూపించడానికి తీసుకెళ్లలేదు. చెట్టు, వంతెన, గోడ, ఈ మూడూ కలిపి వాళ్ల నానీ కథ చెప్పబోయాడు. రంగులు మారిన ఆ చోటు ఆయనకు నీళ్ల ఆనవాలు. వేల ప్రాణాలు పోయిన ఆ రోజు గురించి ఇంట్లో విన్న మాటకు ఊళ్లో చెయ్యి పెట్టి చూపించగల సాక్ష్యం అదే. దాన్నే నేను నాసి పని అన్నాను. నా చదువు తప్పు కాదు. కానీ ఆ క్షణాన నోరు మూసుకుని వినాల్సింది, వినలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. క్షమాపణ చెప్పుకోవడానికి మనిషి దొరకలేదు.

ఇప్పుడు ఎవరినైనా అక్కడికి తీసుకెళ్తే ముందు చింతచెట్టు చూపించి, తర్వాతే నయాపూల్ దాటిస్తాను. ఎప్పుడైనా కింది భాగంలో కూడా కొత్త పలకలు పొదగాలనే ఆలోచన వస్తే, దయచేసి ఆ రంగులను అలాగే ఉంచండి. గోడంతా ఒకేలా మెరిస్తే నీళ్లు ముంచిన చోటు ఎవరికీ కనపడదు.