నీటి రంగుల లేఖ

పండుగ సంతోషం పంచుకొన్నకొద్దీ పెరుగుతుంది. దగ్గర ఉన్నవారితో పిండివంటలు పంచుకోవచ్చు. దూరాన ఉన్నవారికి పంపగలిగినది మాట ఒక్కటే. ఆ మాటకు రంగునూ రూపాన్నీ జోడించి పంపేదే శుభాకాంక్షల పత్రం. అంగడిలో కొన్న పత్రంలో అందం ఉండవచ్చు. స్వహస్తాలతో చేసిన పత్రంలో అందంతో పాటు, చేసినవారి జీవితంలోని ఒక గంట కూడా ఉంటుంది.

మాట చాలని చోట బొమ్మ మాట్లాడుతుందన్న ఎరుక పూర్వులకు ఉంది. అరవై నాలుగు కళలను పేర్కొన్న ప్రాచీనులు గీత, వాద్య, నృత్యాల వెంటనే ఆలేఖ్యాన్ని, అంటే చిత్రలేఖనాన్ని, చేర్చారు. భాగవత కథలో ఉష తాను కలలో చూసిన రాకుమారుడెవరో చెప్పలేకపోతుంది. చెలికత్తె చిత్రరేఖ రాకుమారుల రూపాలను ఒక్కొక్కటిగా లిఖించి చూపుతుంది. అనిరుద్ధుని చిత్రం ఎదుటికి రాగానే ఉష సిగ్గుతో తల వంచుకొంటుంది. పేరైనా తెలియని చోట చిత్రమే సమాచారాన్ని అందించింది.

నేటి శుభాకాంక్షల పత్రానికి మాత్రం ఇంగ్లండు పుట్టినిల్లని చెప్పవచ్చు. అక్కడ 1840లో ఒక పెన్నీ ఖర్చుతో దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే ఏర్పాటు వచ్చింది. ఆ తపాలా సంస్కరణలో పాలుపంచుకొన్న హెన్రీ కోల్ 1843లో క్రిస్మస్ పండుగకు మిత్రులందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారునిచేత ఒక పత్రాన్ని గీయించారు. సుమారు వెయ్యి ప్రతులు అచ్చు వేసి, వాటికి చేతితో రంగులద్దించారు. నడుమ విందు చేసుకొంటున్న కుటుంబం, ఇరుపక్కల పేదలకు అన్నవస్త్రాలు పంచే దృశ్యాలు అందులో ఉన్నాయి. ఒక్కొక్కదాని ధర ఒక షిల్లింగు. పన్నెండు ఉత్తరాలకయ్యే తపాలా ఖర్చుతో అది సమానం. ఇందులో ఒక విశేషం గమనించదగినది. తీరిక లేకపోవడం వల్ల పుట్టిన ఆ పత్రానికి కూడా, ఎవరో ఒకరు తీరికగా కూర్చొని, ప్రతి ప్రతికీ రంగు అద్దవలసి వచ్చింది.

చిత్రానికి ఖరీదైన సాధనాలే కావాలన్న భ్రమను తొలగించే ఉదంతం మరొకటి ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత యూరప్‌లో ఎన్నో గ్రామాలు అన్నం కోసం, మందుల కోసం అలమటించాయి. చెకొస్లొవేకియాలోని ఒక గ్రామానికి ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్ సహాయం అందించింది. ఆ ఊరి చిన్నారి, ఏడేళ్ల జిట్కా సామ్‌కోవా, కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసి పంపింది. కాగితం దొరకని రోజులు కావడంతో ఆమె గాజు పలకపైనే రంగులు వేసింది. పండుగ స్తంభం చుట్టూ ఆడుతున్న బాలికల ఆ చిత్రమే 1949లో యూనిసెఫ్ తొలి శుభాకాంక్షల పత్రమైంది. కాగితానికి నోచుకోని చేతులు వేసిన బొమ్మ దేశదేశాల ఇళ్ళకు చేరింది.

భారతదేశంలోనూ ఈ సంప్రదాయానికి గొప్ప చిత్రకారుల ఆదరణ లభించింది. శాంతినికేతనంలో కళాచార్యులైన నందలాల్ బోస్ మిత్రులకూ, శిష్యులకూ పోస్టుకార్డులపై చిన్న చిన్న చిత్రాలు గీసి పంపేవారు. అరచేతిలో ఇమిడే కార్డును ఆయన చిన్నచూపు చూడలేదు.

విద్యార్థులకు అందుబాటులో ఉండే సాధనం నీటి రంగుల పెట్టె. మెత్తగా నూరిన రంగుపొడికి తుమ్మజాతి చెట్టు జిగురు కలిపి నీటి రంగును తయారుచేస్తారు. నీరు తగిలితే జిగురు కరుగుతుంది. నీరు ఆరితే రంగు కాగితాన్ని పట్టుకొంటుంది. మేలురకపు రంగుల్లో రంగుపొడి పాలు ఎక్కువ. చౌక బిళ్ళల్లో అది తక్కువ కావడం వల్ల, వేసినప్పుడు నిండుగా కనిపించిన రంగు ఆరిన తరువాత వెలవెలబోతుంది. బిళ్ళపై రెండు చుక్కల నీరు వేసి కొంతసేపు నాననిస్తే ఈ లోపం కొంత తగ్గుతుంది. పన్నెండు రంగులున్నా ఎరుపు, పసుపు, నీలం అనే మూడింటిని కలపడం నేర్చినవారికి నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులు వాటంతటవే లభిస్తాయి. 29.7 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మందపాటి కాగితాన్ని సగానికి కోసి, ఒక్కొక్క ముక్కను మడిస్తే రెండు పత్రాలు సిద్ధమవుతాయి. మొన తేలిన కుంచె ఒకటి, నీటి గిన్నెలు రెండు ఉంటే చాలు. ఒక గిన్నె కుంచె కడగడానికి, రెండవది రంగు కలపడానికి.

నీటి రంగుకు ఒక స్వభావం ఉంది. అది పారదర్శకం. కింది కాగితపు తెలుపే దాని వెలుగు. అందువల్ల వెన్నెలనో, మల్లెపువ్వునో చిత్రించదలచినవారు తెల్లరంగు వేయరు. ఆ చోటును ముట్టకుండా వదలిపెడతారు. లేతరంగులు ముందు, ముదురురంగులు తరువాత వేస్తారు. ఒక పూత ఆరకముందే రెండవది వేస్తే రెండూ కలిసి బురదగా మారవచ్చు. తొందరపాటును క్షమించని కళ ఇది. వంటింటి వస్తువులు కూడా ఇక్కడ అక్కరకు వస్తాయి. తడి రంగుపై నాలుగు ఉప్పు రవ్వలు చల్లితే, ఆరేసరికి నక్షత్రాల వంటి మరకలు ఏర్పడతాయి. కొవ్వొత్తితో గీసిన గీతకు నీరు అంటదు. దానిపై రంగు పూస్తే గీత తెల్లగా బయటపడుతుంది.

పట్నంలో వసతిగృహంలో ఉండి ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అమ్మాయికి ఈ కొవ్వొత్తి ఉపాయం గొప్ప మేలు చేసింది. ఆమె నాయనమ్మ పల్లె విడిచి ముంబయిలో పెద్దకొడుకు వద్ద ఉంటున్నది. ఆరవ అంతస్తులో ఇల్లు. గది తరువాత గది ఉన్నది గాని, పేడనీళ్ళు చల్లి ముగ్గు పెట్టే వాకిలి లేదు. ధనుర్మాసం నెలరోజులూ తెల్లవారుజామునే లేచి వీధి సగం మేర ముగ్గు పరచిన చేతులు ఇప్పుడు ఒడిలో ముడుచుకొని ఉన్నాయి. ఆమెకు అక్షరాలు రావు. ఫోనులో మాట సరిగా వినిపించదు. సంక్రాంతికి ఆమెకు ఏమి పంపాలి?

మనుమరాలు అంగళ్ళలోని పత్రాలు చూసింది. మెరుపుల కాగితంపై బంగారు అక్షరాలే తప్ప, చదవడం రాని మనిషికి చెప్పే మాట వాటిలో కనిపించలేదు. తమ్ముడు వాడి వదలిన రంగుల పెట్టె, ఒక కొవ్వొత్తి ముందు పెట్టుకొని కూర్చొంది. నాయనమ్మ నేర్పిన మెలికల ముగ్గును, చుక్కలు లెక్కపెట్టుకొంటూ, కొవ్వొత్తి మొనతో గీసింది. తెల్లకాగితంపై తెల్లగీత కనిపించదు. కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి, గీత ఎక్కడిదాకా వచ్చిందో చూసుకొంటూ గీయవలసి వచ్చింది. మొదటి పత్రం నీరెక్కువై వంకరపోయింది. రెండవదానిలో తొందరపడి పూసిన రెండో పూత బురదైంది. మూడవ పత్రాన్ని నాలుగు అంచులా అట్టకు అంటించి, పలుచని నీలం ఒకే పూతగా పూసింది. తెల్లవారే వేళ రంగు కింద నుంచి ముగ్గు మెల్లగా పైకి తేలింది. వాకిలి లేని ఇంటికి వాకిలి సిద్ధమైంది. ఆరిన పత్రాన్ని బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచి, కవరులో పెట్టి తపాలాలో వేసింది.

నేడు ఒక్క మీటతో వందమందికి శుభాకాంక్షలు చేరుతున్నాయి. దానిని తప్పుపట్టనవసరం లేదు. హెన్రీ కోల్ కోరుకొన్న సౌకర్యమే అది. అయితే వందమందికి ఒకేసారి వెళ్ళిన మాటలో ఏ ఒక్కరి ముఖమూ ఉండదు. చేతితో పత్రం చేసేవారు మాత్రం రంగు ఆరేదాకా, అందుకోబోయే మనిషినే తలచుకొంటూ కూర్చొంటారు. ఆమెకు ఇష్టమైన రంగు ఏది, ఆమె చూపు ఎంతవరకు ఆనుతుంది, ఆమెకు ఇప్పుడు దూరమైనది ఏమిటి అని ఆలోచిస్తారు. చౌక రంగులు వెలిసిపోవచ్చు. ఆ తలపు మాత్రం అందుకొన్న మనిషి దగ్గర నిలిచిపోతుంది.

భోగినాటి సాయంత్రం పెదనాన్న ఫోను చేశాడు. పత్రం అందిందట. నాయనమ్మ దానిని కిటికీ వెలుతురులో పట్టుకొని, మెలిక వెంట మెలికగా వేలితో ఆసాంతం తడిమిందట. అంతా అయిన తరువాత కొడుకు చేతిలోని ఫోను తీసుకొని, పెద్ద గొంతుతో ఒక్కమాట చెప్పింది.

"మూడో వరుసలో ఒక చుక్క తప్పావే, పిచ్చిపిల్లా!"

అక్షరం రాని ఆమె ఆ లేఖను పూర్తిగా చదివింది. చదివి, తప్పు కూడా దిద్దింది.