నీలగిరులలో స్వాతి కార్తె

మృగశిరతో మొదలైన వానలు హస్తతోనో, చిత్తతోనో ముగిసిపోతాయని మన రైతుల లెక్క. దసరా వెళ్ళి దీపావళి వచ్చేసరికి ఆకాశం తేటపడుతుందనీ, యాత్రలకు అదే అనువైన కాలమనీ పెద్దలు చెబుతారు. ఈ లెక్క దేశమంతటా చెల్లదు. నేను నెల్లూరువాడిని. మా వైపు అసలైన వాన ఈశాన్య ఋతుపవనంతో వస్తుంది. స్వాతి, విశాఖ కార్తెలలోనే మా చెరువులు నిండుతాయి. అదే ఋతుపవనం తమిళదేశపు మైదానాలను దాటి వెళ్ళి నీలగిరుల తూర్పు ముఖాన్ని తాకుతుంది. పడమటి ముఖం మాత్రం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలలో నాని, అప్పటికి ఆరుముఖం పడుతూ ఉంటుంది. కొండ ఒకటే, వర్షాకాలాలు రెండు. 2,637 మీటర్ల ఎత్తున్న దొడ్డబెట్ట, ఉత్తర దక్షిణాలుగా సాగిన దాని శ్రేణి, ఈ రెండింటికీ నడుమ గోడవలె నిలిచి ఉన్నాయి.

తూర్పున మేట్టుపాళయం వద్ద కొండ ఎక్కి, పడమట గూడలూరు వద్ద దిగి, ఈ వింతను ఒకే ప్రయాణంలో చూడవలెనని నేనూ నా శ్రీమతీ అనుకొని చాలాకాలమైనది. ఇకపై వాయిదా వేయడానికి వీలులేని కారణం ఒకటి వచ్చినది. నాకు నీటికాసుల వ్యాధి. ఈ జబ్బులో చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకొని వస్తుంది. పోయినది తిరిగి రాదు. మిగిలినదానిని చుక్కల మందుతో కాపాడుకోవలసినదే. కారు నడపడం నేను మానివేసి మూడేళ్ళయినది. అప్పటినుంచి స్టీరింగు ఆమె చేతిలో ఉన్నది.

మేము మొదట కొండ రైలులోనే ఎక్కదలచాము. 1899లో కూనూరు వరకు, 1908లో ఉదకమండలం వరకు వేసిన ఈ మీటరుగేజి మార్గం 46 కిలోమీటర్ల పొడవు గలది. కల్లారు నుంచి కూనూరు వరకు పట్టాల నడుమ పళ్ళు గల ఇనుప కమ్మీ ఉంటుంది. ఇంజను కింది పళ్ళచక్రం ఆ పళ్ళను పట్టుకొని మెట్టు మెట్టుగా పైకి ఎగబాకుతుంది. పన్నెండు అడుగులు ముందుకు సాగితే ఒక అడుగు పైకి లేచేటంత వాలు అక్కడక్కడా ఉన్నది. యునెస్కో 2005లో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. అయితే ఈశాన్య ఋతుపవనానికి ఈ గౌరవాలతో నిమిత్తం లేదు. ఏటా ఈ రోజులలో బండరాళ్ళు, మట్టిపెళ్ళలు పట్టాలపై పడి రైళ్ళు ఆగిపోవడం పరిపాటి. మేము మేట్టుపాళయం చేరిన నాడు కూడ అదే జరిగినది. స్టేషనులో నల్లబల్లపై రద్దు ప్రకటన చూసి ఆమె చిరునవ్వు నవ్వి, “మన బండికి పళ్ళచక్రం లేదు, అయినా ఎక్కుదాం పదండి” అన్నది.

2024 మే నెలలో మద్రాసు హైకోర్టు ఆదేశంపై ప్రవేశపెట్టిన ఇ-పాసును దారిలో చూపించి ఘాట్ రోడ్డులో ప్రవేశించాము. కల్లారు వద్ద పోకతోటలు, ఉక్కపోత. పది మలుపులు తిరిగేసరికి కిటికీ అద్దాలు ఎత్తుకోవలసిన చలి. వాన మొదట చినుకులుగా వచ్చి, బర్లియార్ దాటేసరికి ధారగా మారినది. ఘాట్ రోడ్డున ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నియమం. బస్సు డ్రైవర్లు దానిని చక్కగా పాటిస్తున్నారు. మైదానపు నగరాల నుంచి వచ్చిన కార్లవారి విషయం నేను చెప్పను.

నేను చూడవచ్చినది కొండను. కనిపించినది మాత్రం తెల్లని పొగమంచు. నా కళ్ళకు మిగిలిన చిన్న కిటికీని కూడ మబ్బు మూసివేసినట్లయినది. ఆమె మాత్రం రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, “ఎడమవైపు జలపాతం, సన్నది; కుడివైపు వెదురు; పిట్టగోడ మీద కోతులు, తల్లి ఒళ్ళో పిల్ల” అని చెప్పుకుపోతున్నది. వినగా వినగా కొండ వానను కళ్ళకంటె చెవులే బాగా గ్రహిస్తాయని నాకు తోచినది. ప్రతి మలుపులోను నీటి సవ్వడి వేరు. రాతి మీద నుంచి దూకే నీరు గలగలమంటుంది. ఎర్రమట్టిని కోసుకొని వచ్చే నీరు బరువుగా, గొంతు బొంగురుపోయినట్లు పారుతుంది.

ఆ రెండవ ధ్వనికే ఇక్కడివారు భయపడతారు. నీలగిరుల అడుగున ఉన్నది చార్నొకైటు అనే అతి పురాతనమైన గట్టి శిల. దాని పైభాగం యుగాల తరబడి ఎండకు వానకు శిథిలమై, మెత్తని మట్టిదుప్పటిగా మారినది. వాననీరు ఆ మట్టిలోకి దిగి, గట్టి శిల అడ్డగించగానే అక్కడే నిలిచి ఒత్తిడి పెంచుతుంది. రోడ్డు కోసమో, ఇంటి కోసమో వాలు పాదాన్ని తొలచి ఉంటే పైనున్న మట్టికి ఆసరా ఉండదు. ఒకానొక క్షణంలో చెట్టూ పుట్టా సహా జారివస్తుంది. ఇదే రోడ్డుపై మరప్పాలం వద్ద 1993 నవంబరులో ఇట్లే కొండ జారి పలువురు మరణించారు. 2009 నవంబరులో కూనూరు, కేత్తి, ఉదకమండలం ప్రాంతాలలో కురిసిన కుంభవృష్టికి వందలాది చోట్ల చరియలు విరిగిపడి 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

కాట్టేరి సమీపంలో వాహనాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. ముందు ఎక్కడో మట్టి పడినది. సాయంత్రం నాలుగు గంటలకే చీకటి కమ్ముతున్నది. పొద్దుటినుంచి బండి నడుపుతున్న మనిషిని చూసి, వెనక్కి తిరిగి మేట్టుపాళయం పోదామన్నాను. ఆమె ఇంజను ఆపివేసినది. “ఈ వానలో ఎక్కడం కంటె దిగడమే కష్టం. పైగా ఇప్పుడు దిగిపోతే మళ్ళీ ఎప్పుడు వస్తాం? వచ్చే ఏటికి మీకు ఎంత కనిపిస్తుందో డాక్టరు చెప్పాడా?” ఆ ప్రశ్నను మూడేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనినందుకు ఆమే మొదట కంటతడి పెట్టినది. నేను గొడుగు తీసుకొని కారు దిగాను.

రోడ్డు పక్కన రేకుల కప్పు టీ దుకాణం ఒకటి ఉన్నది. దానిని నడుపుతున్నది ఒక వృద్ధ దంపతుల జంట. నా శ్రీమతి సూళ్ళూరుపేటలో పెరిగినది గనుక తమిళం ధారాళంగా మాట్లాడుతుంది. పావుగంటలో అవ్వ చరిత్ర అంతా తెలిసినది. ఆమె పుట్టినది ఈ కొండల్లో కాదు, సింహళపు తేయాకు కొండల్లో. 1964 అక్టోబరులో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారునాయకే కుదుర్చుకొన్న ఒడంబడికలో, తరతరాలుగా అక్కడి తోటలలో పనిచేసిన తమిళులలో 5,25,000 మంది భారతదేశానికి, 3,00,000 మంది సింహళానికి అని పంచుకొన్నారు. మనుషులను ఇట్లు లెక్కవేసి పంచుకోవడం ఎంత తేలికో! ఆమె పదేళ్ళ పిల్లగా తలైమన్నారులో ఓడ ఎక్కి రామేశ్వరంలో దిగినది. అట్లు తిరిగివచ్చిన వారికి పని కల్పించడానికే తమిళనాడు ప్రభుత్వం నీలగిరులలో తేయాకు తోటలు వేయించినది. “అక్కడా అదే ఆకు, ఇక్కడా అదే ఆకు. రెండాకులు, ఒక మొగ్గ. చేతికి కొత్త పని నేర్పనక్కరలేకపోయింది” అన్నది అవ్వ.

దుకాణం వెనుక వారి ఇల్లు. ఇంటి వెనుక నిట్టనిలువు వాలు. ఇంత వానలో భయం లేదా అని అడిగాము. భయం లేకేమి, గట్టివాన పట్టిన రాత్రులలో తామిద్దరూ ఒకేసారి నిద్రపోరని ఆమె చెప్పినది. అర్ధరాత్రి వరకు ఆయన మెలకువగా ఉంటాడు, తరువాత ఆమె. దేనికోసం వింటారు? నీటి శబ్దం తగ్గడం కోసమట! వాన జోరుగా కురుస్తూ ఉండగా వెనుక కాలువలో నీరు ఉన్నట్టుండి తగ్గితే, పైన ఎక్కడో మట్టి అడ్డుపడి నీరు నిలిచినదన్నమాట. అప్పుడు దీపం పట్టుకొని ఇల్లు విడిచి రోడ్డు మీదికి రావలెను. 2009 నుంచి వారిది ఇదే పద్ధతి. ఆ ముసలాయన మా మాటలలో ఒక్కసారి కూడ కలుగజేసుకోలేదు. అవ్వ చెబుతున్నంతసేపూ టీ వడపోస్తూ, అప్పుడప్పుడు తల కొంచెం వెనక్కి వంచి కాలువ వైపు చెవి పెడుతూనే ఉన్నాడు.

రహదారి కూలీలు, జె.సి.బి. యంత్రం కలిసి మట్టి తొలగించి ఒక వరుస దారి ఇచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటినది. కూనూరులో దొరికిన మొదటి బసలో దిగాము. ఆమె పడుకున్న మరుక్షణమే నిద్రపోయినది. నేను కిటికీ పక్కన కుర్చీ వేసుకొని రెండు గంటల వరకు చూరు నీటిని వింటూ కూర్చున్నాను.

మరునాడు కేత్తి లోయ మీదుగా సాగాము. ఇది బడగల సీమ. బడగ అనగా కన్నడంలో ఉత్తరాదివాడు. మైసూరు వైపు నుంచి వలస వచ్చినవారు గనుక ఆ పేరు. తమిళులు మనలను వడుగులనడంలోను అర్థం అదే, ఆ విధంగా వారూ మనమూ పేరుకు చుట్టాలమే. లోయ నిండా క్యారెట్టు, బంగాళాదుంప మడులు. కళ్ళకు ఇంపుగానే ఉంటాయి గాని, వాలు వెంబడి దున్నిన నేల ఎట్లు కరిగిపోతున్నదో మడుల కింద పారుతున్న ఎర్రనీరు చెబుతున్నది. తేయాకు పొద నేలను కొంత పట్టి ఉంచుతుంది. దుంప మడి పట్టలేదు. వాలు మీద లేపిన నాలుగంతస్తుల మేడ అసలే పట్టదు. ఉదకమండలం గురించి పాఠకులకు తెలియనిది నేను చెప్పగలిగినది లేదు. పొగమంచు, చాక్లెట్టు దుకాణాలు, కిక్కిరిసిన బజారు. మేము ఆగలేదు.

ఊరు దాటి పైకారా దారి పట్టిన తరువాతనే పాత నీలగిరి ఎదురుపడినది. గుండ్రని పచ్చికగుట్టలు, వాటి ముడుతలలో మాత్రమే దట్టంగా ఒదిగిన చిన్న చిన్న అడవులు. ఈ అడవులను సోల అంటారు. గడ్డి, సోల కలిసి వాననీటిని గుక్కలు గుక్కలుగా తాగి, వేసవి దాకా చెలమలుగా విడుస్తాయి. తెల్లదొరలు, ఆ తరువాత మన ప్రభుత్వమూ ఈ గడ్డిభూములను బంజరు కింద జమకట్టి, నీలగిరి తైలం చెట్లను, తుమ్మజాతికి చెందిన వాటిల్ చెట్లను ఆస్ట్రేలియా జాతుల నుంచి తెచ్చి నాటించారు. తోడాలు తమ గేదెలను తరతరాలుగా మేపుకొన్న నేల బంజరు ఎట్లయినదో ఆ లెక్కలు రాసినవారికే తెలియాలి.

అక్కడ మబ్బు విడినది. ముందు ఒక గుట్ట, దాని వెనుక మరొకటి, ఆ వెనుక నీలంగా ఇంకొకటి. ఆమె బండిని పక్కకు తీసి ఆపి, ఈసారి ఏమీ వర్ణించకుండా మౌనంగా ఉన్నది. ఒక్కచూపులో అంతా నాకు అందదు గనుక తల మెల్లగా ఎడమ నుంచి కుడికి తిప్పుతూ, గుట్ట తరువాత గుట్టగా చూశాను. మళ్ళీ మబ్బు మూయడానికి పది నిమిషాలు పట్టినది. మబ్బు మూసిన తరువాత ఆమె అడిగినదల్లా, “మూడో గుట్ట మీద గేదెలు కనిపించాయా?” అని. కనిపించాయి.

నడువట్టం దాటి దిగుతుంటే వాన తగ్గి, జల్లయి, ఆగిపోయినది. ఎక్కిన గేరులోనే దిగవలెనన్న ఘాట్ నియమం ప్రకారం రెండవ గేరులో నెమ్మదిగా గూడలూరు చేరాము. అక్కడ ఎండ కాస్తున్నది. పల్లపు మడులలో వరి పచ్చగా నిలబడి ఉన్నది. వానలు పోయి చాలా రోజులైనదని కిరాణా కొట్టు యజమాని చెప్పాడు. ముదుమలై అడవి రోడ్డును రాత్రి మూసివేస్తారు గనుక ఆలోగా దాటవలసి ఉన్నా, ఇంకా పొద్దున్నది. ఆమె తడిసిన శాలువను కారు ముందు కప్పుపై ఆరవేసి, సీటు వెనక్కి వాల్చుకొని, “ఒక అరగంట. బండ్ల చప్పుడు మీరు చూసుకోండి” అని కళ్ళు మూసుకొన్నది.