గట్టుదారిలో మోటారు దీపములు

ధవళేశ్వరమునకు పగటివేళ వచ్చువారికి చూడదగినవి చాల గలవు. కొండమీది జనార్దనస్వామివారి గుడి మెట్లెక్కి నిలిచినచో గోదావరి సముద్రమువలె గానవచ్చును. సర్ ఆర్థర్ కాటను దొరగారు 1847లో మొదలిడి 1852 నాటికి ముగించిన ఆనకట్టకు మారుగా, 1982లో పూర్తియైన బారేజి ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నదికి అడ్డముగా సాగియున్నది. దానిమీదుగనే బాట. ఆ బాట పట్టి బొబ్బర్లంక చేరినచో కోనసీమ వాకిట నిలిచినట్లే.

అయితే సోదరీమణులారా, నేను చెప్పదలచినది పగటి ధవళేశ్వరమును గూర్చి కాదు. నాకు పుట్టినిల్లు ధవళేశ్వరము, మెట్టినిల్లు కొత్తపేట దాపున ఒక పల్లె. రెంటికి నడుమ చీకటిపడిన తరువాత ఎన్నిమారులు ప్రయాణము చేసితినో లెక్కలేదు. గట్టుదారి యన ఎట్టిదో ఎఱుగనివారికి రెండు మాటలలో చెప్పెదను. ఒకప్రక్క కాలువ, రెండవప్రక్క పల్లమున వరిచేలు, నడుమ రెండు బండ్లు ఒదిగి ఒదిగి తప్పుకొనదగిన తారు. పెక్కుచోట్ల పిట్టగోడ లేదు. కోతలనాడు రోడ్డు సగము ధాన్యమునకు కళ్ళమగును. చుట్టును పేర్చిన రాళ్ళు ఉదయమువరకు అట్లే యుండును. గడ్డి వేసికొని పోవు ట్రాక్టరుకు వెనుక దీపముండుట అరుదు. ఇక గేదెలు! రాత్రివేళ వాని నలుపును చీకటినుండి వేఱుచేయుట ఎవరి తరము? తల త్రిప్పి మనవైపు చూచినచో కన్నులైన మెఱయును. తోకవైపు నుండి వచ్చువారికి ఆ భాగ్యమును లేదు.

2015 జూన్ 13వ తేదీని తెల్లవాఱక మునుపు, తిరుపతి యాత్ర ముగించుకొని విశాఖవైపు మరలుచున్న ఒక కుటుంబమువారి వాహనము ఈ బారేజిమీదినుండి పడి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఒక్క బాలుడు మాత్రము బ్రతికెను. ఆ చోటు దాటునపుడెల్ల మా యత్తగారు కన్నులు మూసికొని నమస్కరించెదరు.

మా యత్తగారికి ఉబ్బసము. అది ముదురుట ఎప్పుడును అర్ధరాత్రియే. రాజమహేంద్రవరములోని వైద్యులకడకు తీసికొనిపోవుట తప్పదు. మాది పాతకారు, దాని దీపములు ఆముదపు దీపములకన్న కొంచెము మేలు. ఒకనాడు మా మఱది, “వదినగారూ, ఎల్.ఇ.డి. బల్బులు తెప్పింతము, రాత్రి పగలైపోవును” అనెను. పెట్టెమీది బొమ్మలో నిజముగా పగలే యున్నది. అయినను పెద్దవాడొకని అడుగుట మంచిదని, బ్యాటరీల పని చేయు ఒక ముసలి మేస్త్రికడకు పోయితిమి.

ఆయన మీటరు పెట్టి చూచెను. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీకడ 13.8 వోల్టులు, బల్బుకడకు వచ్చునప్పటికి 12.2. “బాబూ, ముందు ఉన్న బల్బునకు కడుపునిండ కరెంటు పెట్టండి. కొత్తదాని సంగతి తరువాత చూతము” అని నవ్వెను. తీగ బల్బుకు వోల్టేజి పదవవంతు తగ్గినచో వెలుగు ఇంచుమించు మూడవవంతు తగ్గునట. పాతబడిన సన్నతీగలగుండా, స్విచ్చిగుండా, త్రుప్పుపట్టిన ఎర్తుగుండా వచ్చుసరికి కరెంటు దారిలోనే తఱిగిపోవుచున్నది. అందులకు రిలే యను చిన్నపెట్టెను అమర్చెను. మన ఇండ్లలో నీటి మోటారునకు స్టార్టరు పెట్టుదుము గదా, అట్టిదే. స్విచ్చి ఆజ్ఞ మాత్రమిచ్చును; కరెంటు బ్యాటరీనుండి ఫ్యూజుగుండా లావుపాటి తీగలో సూటిగా బల్బునకు పోవును.

ఎల్.ఇ.డి. బల్బును ఆయన ఏల వలదనెనో వినుడు. దీపము వెనుకనున్న అద్దపుగిన్నె, బల్బులోని సన్నని తీగ ఎక్కడ వెలుగునో ఆ చోటును లెక్కించి చేసినది. 1971లో వచ్చిన హెచ్-4 బల్బులో ఒక తీగ దూరమునకు, వేఱొకటి దగ్గఱకు. వాని స్థానమున మఱియొక ఆకారముగల వెలుగును పెట్టినచో కాంతి చెదరి, మన దారికి చాలక, ఎదుటివాని కన్నులలో పడును. మొదటినుండి ఎల్.ఇ.డి.కే నిర్మించిన దీపములకు ఈ దోషము లేదు. నూఱు వాట్ల బల్బుల మాట యెత్తగా కరగిపోయిన హోల్డరు నొకదానిని తీసి చూపెను. అంతటితో మా మఱది నోరు మూతపడినది. 1989నాటి కేంద్ర మోటారు వాహన నియమములును కన్నులు మిఱుమిట్లు గొల్పు దీపములను నిషేధించుచున్నవి. నియమ మెట్లున్నను, ఒకనాటి రాత్రి ఆలమూరు దారిలో ఎదురైన కారొకటి తెల్లని వెలుగుతో మమ్ము గ్రుడ్డివారిని జేసినది. ఆ నాలుగు క్షణములు కాలువ ఎటనున్నదో మాకు తెలియలేదు. అట్టివేళ దీపమువంక చూడక రోడ్డు ఎడమ యంచుపై దృష్టి నిలుపవలెను. అఱువది యేండ్లవారి కంటిలోనికి ఇరువదియేండ్లవారికి చేరు వెలుగులో మూడవవంతు మాత్రమే చేరునందురు; కాబట్టి పెద్దలు రాత్రి బండి నడుపుదుమన్నచో మొగమాటము లేక వారింపుడు.

ఎండకు పసుపువన్నె తిరిగిన దీపపు మూతను నీటికాగితముతో రుద్ది మెఱుగుపెట్టుటతోనే సగము చీకటి పోయినది. పండ్లపొడి ముద్దతో రుద్దుదురు గాని అది పండుగనాటి సున్నమువంటిది, నాలుగు నాళ్ళు నిలుచును. తరువాత బండిని గోడకు 10 మీటర్ల దూరమున సమతలమున నిలిపి, దగ్గఱ వెలుగు పైయంచు దీపముల యెత్తునకన్న 10 సెంటీమీటర్లు క్రిందగా ఉండునట్లు మరలు త్రిప్పెను.

ఇచట మన ఇండ్లవారి ముచ్చట యొకటి. పుట్టింటినుండి బియ్యపు మూటలు, కొబ్బరికాయలు, పనసపండు డిక్కీనిండ నింపుకొని బయలుదేఱుదుము. వెనుక క్రుంగి ముందు లేచి, దీపములు చెట్ల కొమ్మలను చూడసాగును! పెక్కు కార్లలో స్టీరింగు ప్రక్కన సున్న మొదలు మూడు వఱకు అంకెలున్న చిన్న చక్ర మొకటి గలదు. బరువును బట్టి దానిని త్రిప్పినచో వెలుగు క్రిందికి దిగును. అది దేనికో మా యింట అయిదేండ్లు ఎవరును ఎఱుగరు.

దీపము బాగైనదని వేగము హెచ్చింపరాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున, చూచి బ్రేకు నొక్కునంతలోనే బండి 25 మీటర్లు పోవును. ఆగుటకు మఱియొక 20 మీటర్లు. దగ్గఱ వెలుగు చూపు దూరమును ఇంచుమించు అంతియే. 80 అయినచో గేదె కనబడిన తరువాత చేయగలిగినది దైవప్రార్థనయే. మార్గశిరపు మంచులో దూరపు వెలుగు వేసినచో తెల్లగోడయే ఎదుట నిలుచును. దగ్గఱ వెలుగుతోనే మెల్లగా పోవలెను.

ఇప్పుడు మా మఱది ఎఱ్ఱని మెఱుపు పట్టీ చుట్టను కొని తెచ్చి, మా గడ్డిబండి వెనుక, పాలు పోయువాని సైకిలు వెనుక, ఇరుగుపొరుగు ట్రాక్టర్ల వెనుక అంటించుచున్నాడు. గేదెల కొమ్ములకును అంటింతునని పట్టుబట్టగా మా యత్తగారు ఒప్పుకొనలేదు గాని, మెడత్రాళ్ళకు చుట్టుటకు అనుమతి యిచ్చిరి.