మా నాన్నగారి యెజ్డీ, మేస్త్రి డబ్బా

కాస్త పొడుగు పోస్టే. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మన క్యాంపుల్లో పశువుల కొట్టాల వెనక, గోడౌన్ల మూలల్లో, పాత పట్టాల కింద ఇంకా ఎన్ని బళ్లున్నాయో ఎవరైనా లెక్కేశారా? బుల్లెట్లు, రాజ్‌దూత్‌లు, యెజ్డీలు. మన పెద్దవాళ్లు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి తుంగభద్ర ఎడమ కాలువ కిందకి వచ్చినప్పుడు ఎడ్లబండి, సైకిలే. నాలుగు పంటలు చేతికొచ్చాకే మోటారు సైకిలు. మా నాన్నగారు యెజ్డీ కొన్నది 1979లో. రాత్రిళ్లు డిస్ట్రిబ్యూటరీ మీద నీళ్లు చూసుకోవడానికి అదే, సింధనూరు సంతకి అదే. మా తమ్ముడు పుట్టినప్పుడు నల్లరేగడి బురదలో అమ్మని మాన్వి ఆసుపత్రికి చేర్చిందీ అదే.

ఇప్పుడు ఆయనకి 84. మొన్న బెంగళూరు నుంచి పాత బళ్లు కొనే ఒకాయన వచ్చి చూసి, "స్టార్టయితే ఒక రేటు, కాకపోతే తుక్కు రేటు మీద కాస్త ఎక్కువ. ఆదివారం మళ్లీ వస్తా" అన్నాడు. తమ్ముడు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి "ఇచ్చేద్దాం అన్నయ్యా, ఎవరు నడుపుతారు?" అన్నాడు. నాన్నగారు అవుననలేదు, కాదనలేదు. బండేమో సంక్రాంతి నుంచి కదల్లేదు.

ముందు మా క్యాంపు కుర్రాళ్లు దిగారు. కిక్కు రాడ్డు కోసం కుడిపక్క వెతుకుతున్నారు పాపం! యెజ్డీకి ఎడమపక్క ఉన్న గేరు రాడ్డే కిక్కు రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పి కొట్టాలి. స్టార్టయ్యాక కిందకి దించితే మళ్లీ గేరు రాడ్డు. అది తెలిశాక వంతులవారీగా కొట్టారు. చొక్కాలు తడిశాయి గానీ బండి కిక్కురుమనలేదు. తోశారు, కాలువ గట్టు మీద నుంచి దొర్లించారు. ఊహూఁ. టౌన్లో రెండు షాపులవాళ్లు ఫొటో చూసే తల అడ్డంగా ఊపారు.

చివరికి మన మేస్త్రి చాచా దగ్గరికెళ్లాను. మీలో యాభై దాటినవాళ్లకి ఆయన్ని చెప్పక్కర్లేదు. డెబ్బై దాటాయి, ఒక కంట్లో శుక్లం. బండెక్కించుకుని తీసుకొచ్చాను. వచ్చినవాడు బండిని ముట్టుకోలేదు, ముందు టీ అడిగాడు. తాగాక హారన్ నొక్కమన్నాడు. కప్ప అరిచినట్టు అరిచింది. "కరెంట్ ఇల్లప్పా" అని నవ్వాడు. ఈ మోడల్‌కి ప్లగ్గులో నిప్పు పుట్టాలంటే బ్యాటరీలో ఊపిరి ఉండాలి, అదీ ఆరు వోల్టులది. బజార్లో ఎక్కడ చూసినా పన్నెండు వోల్టులవే. ఆయన తన డబ్బాలోంచే ఒకటి తీశాడు.

బ్యాటరీ పెట్టినా లేవలేదు. అప్పుడు కార్బరేటరు గిన్నె విప్పి గాజు గ్లాసులో వంచాడు. అడుగున నీళ్లు వేరుగా తేలాయి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవుంటే నీరు అడుగుకి దిగిపోతుంది, పాత రబ్బరు వాషర్లని కూడా తినేస్తుంది. పాత బండి ఉన్నవాళ్లు నిలవ పెట్టేముందు ట్యాంకు, కార్బరేటరు ఖాళీ చేయండి. ట్యాంకు కడిగి, కొత్త పెట్రోలు పోసి, లీటరుకి నలభై మిల్లీలీటర్ల చొప్పున టూటీ ఆయిలు కలిపాడు. కొట్టాడు. ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

ఆ దగ్గు వినగానే ఆయన మొహం మారింది. ప్లగ్గు విప్పి ఇంజనుకి ఆనించి నన్ను కొట్టమన్నాడు. నిప్పు పసుపుపచ్చగా, నీరసంగా వచ్చింది. నీలంగా, చిట్లినట్టు రావాలట. మూత తీసి పాయింట్లు చూస్తే మాత్రం అక్కడ మిరుమిట్లు! "ప్లగ్గులో రావాల్సిన మంట ఇక్కడ వస్తోంది బాబూ. కండెన్సరు పోయింది" అన్నాడు. పాయింట్లని సన్నటి ఆకురాయితో రుద్ది, మధ్యలో విజిటింగ్ కార్డు పెట్టి సందు సరిచేశాడు. ప్లగ్గు సందుకి హాక్సా బ్లేడు ముక్క. కన్ను కనపడక గోటితో తడిమి చూసుకున్నాడు. డబ్బాలో ఏదో పాత స్కూటరు కండెన్సరు దొరికింది.

మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. 2022లో యెజ్డీ పేరుతో కొత్త బళ్లొచ్చాయి గానీ అవి ఫోర్ స్ట్రోకు, వాటి సామాను మనవాటికి ఎక్కదు. కాబట్టి మనకి షోరూమైనా గోడౌనైనా చాచా డబ్బానే.

మూడో కిక్కుకి లేచింది. రెండు సైలెన్సర్లలోంచి పొగ, డుబుడుబుమని ఆ చప్పుడు. నాన్నగారికి చెవులు సరిగా వినపడవు. కర్ర పట్టుకుని వచ్చి ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత, "అమ్ముకుంటారో ఉంచుకుంటారో మీ అన్నదమ్ముల ఇష్టం. మేస్త్రికి మాత్రం అడిగినదానికి ఎక్కువే ఇవ్వు" అన్నారు. ఆయన అడిగింది మూడు వందలు!

ఆదివారం బెంగళూరాయన వచ్చి మంచి రేటే చెప్పాడు. తమ్ముడు వీడియో కాల్లో చప్పుడు విని కాసేపు మాట్లాడలేదు. "పండక్కి వచ్చాక చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు. అలా ఆగింది.

నేనీ పోస్టు పెట్టింది మాత్రం ఇందుకు. చాచా కొడుకులు ఈ పనిలోకి రాలేదు. పాయింట్లు, కండెన్సరు, టైమింగు చూసే చెయ్యి ఈ చుట్టుపక్కల నాకు తెలిసి ఇంకొకటి లేదు. నేర్పమంటే "ఎవరొస్తారు బాబూ" అన్నాడు గానీ వద్దనలేదు. మన క్యాంపుల్లో ఐటీఐ చదివిన పిల్లలున్నారు. ఇద్దరు ముగ్గురు ఆదివారాలు వస్తానంటే, మా గోడౌన్లో చోటిస్తాను, చాచాని నేనే తీసుకొచ్చి దింపుతాను. ఆయన కంటి ఆపరేషను ఖర్చు సంగతి సంఘం మీటింగులో పెడదామనుకుంటున్నాను. మూలన పడున్న బళ్లు ఉన్నవాళ్లు కామెంట్లో రాయండి. ఆరు వోల్టుల బ్యాటరీ ఉన్నవాళ్లు ముందు రాయండి, పెట్టింది చాచాది, తిరిగివ్వాలి.