అండోరా గిరిప్రదక్షిణము

ప్రదక్షిణమను మాట మనకు క్రొత్తది కాదు. సింహాచలమున ఏటేట ఆషాఢ పూర్ణిమకు ముందు లక్షలాది జనులు కొండ చుట్టు సుమారు 32 కిలోమీటర్లు కాలినడకను తిరిగివచ్చుచున్నారు. అయితే ఒక కొండను గాక ఒక దేశమునే కాలినడకను చుట్టివచ్చుట యెట్లుండునో చూడవలెనని మాకు చిరకాలముగా కోరిక యుండెను. ఫ్రాన్సు, స్పెయిను దేశముల నడుమ పిరనీసు పర్వతములలో ఇమిడియున్న అండోరా యందు అది సాధ్యము. ఆ దేశ విస్తీర్ణము 468 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అచ్చట రైలు లేదు, విమానాశ్రయము లేదు. ఒకానొక ఆగస్టు మాసమున సెలవు పుచ్చుకొని మేమును మా గృహిణియు అచ్చటికి పోయితిమి.

మేము నడచిన బాటకు అచ్చటి కటలాను భాషలో సరోవరముల కిరీటమను అర్థము వచ్చు పేరు కలదు. అది సుమారు 90 కిలోమీటర్ల దారి. సాధారణముగా ఐదు దినములలో నడచెదరు. సొర్తేని, కొమపెద్రోస, ఇల్ల, జుక్లా అను నాలుగు తావులయందలి కొండ విడుదులను అది యొకదానితో నొకటి కలుపుచున్నది. దేశమునందెల్ల ఉన్నతమైన కొమపెద్రోస శిఖరము 2942 మీటర్లు. ఎక్కుటయు దిగుటయు నే గాని సమతలమున నడచుట యరుదు. మధ్యాహ్నము దాటిన పిమ్మట ఉరుములతో వాన పట్టుట అచ్చట సాధారణము గనుక తెల్లవారగనే బయలుదేరవలయును. ఎవరి మూట వారే మోయవలెను. మా మూట యెనిమిది కిలోలు, మా గృహిణిది ఆరు కిలోలు.

ఆ విడుదులను గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసి యున్నది. బురద పాదరక్షలు గుమ్మము కడనే విడువవలెను. నిద్రించుటకు వరుసగా పలకమంచములున్న పెద్దగది; ధనికునకు వేరు గది లేదు. రాత్రి భోజనము అందరకు నొకే వేళ. పొడవైన బల్లకు ఇరుప్రక్కల కూర్చుండగా పెద్ద గిన్నెలో పదార్థము చేతినుండి చేతికి సాగివచ్చును. మేము శాకాహారులమని ముందుగనే వ్రాసియుంటిమి గనుక పప్పుదినుసుల చారును, రొట్టెయు, జున్నును మాకు వడ్డించిరి. మా కొక ప్రక్క వైద్యురాలొకతె, ఎదుట వడ్రంగి యొకడు. ఎవరి వృత్తి యేదో భోజనము ముగియువరకు తెలియలేదు. మేము దిగిన యొక విడుదిలో వంట చేసినది పురుషుడు. తాను తెచ్చిన చెత్తను ఎవరికి వారే మూటగట్టుకొని క్రిందికి తీసికొని పోవలెను.

నాలుగవ రాత్రి మా గృహిణి యొక మాట చెప్పెను. "ఏమండీ, ఈ నాలుగు రాత్రులూ రేపేమి వండాలా అన్న ఆలోచనే నాకు రాలేదు సుమండీ" అనెను. అంతటితో ఆమె నిద్రించెను. మాకు మాత్రము చాలసేపు నిద్ర రాలేదు.

మన కుటుంబములు యాత్రకు వెడలునప్పుడు వంటయిల్లు కూడ వెంట వెడలుచున్నది. పులిహోర మూట, ఆవకాయ సీసా, పిల్లల పాలు, వృద్ధుల పథ్యము - ఇవి యన్నియు ఒక్కరి తలపై నుండును. దేవుని చూచి వచ్చితిమని పురుషులు సంతసింతురు. స్త్రీ మాత్రము ఊరు మారినను పని మార్చుకొనకయే తిరిగివచ్చుచున్నది. సింహాచలపు దారి వెంట అపరిచితులు నడచువారికి మంచినీళ్లును మజ్జిగయు ఇచ్చుచున్నారు. ఆ యౌదార్యము మన జాతి కున్నది. దానిని ఇంటి గడప లోపలికి తెచ్చుకొనుటయే మిగిలియున్నది.

ఇట్లనుటచే పాశ్చాత్యుల దెల్ల మేలని మా యభిప్రాయము కాదు. అండోరా దేశసభ 1419లో నేర్పడినది. 1866 నాటి సంస్కరణమువలన ఇంటింటి యజమానికిని వోటు వచ్చెను. ఇంటి యజమాని యనగా పురుషుడే. స్త్రీలకు 1970లో గాని వోటు లభింపలేదు. ఎన్నికలలో నిలుచు హక్కు 1973 వరకు రాలేదు. మన దేశమున 1951-52 నాటి ప్రథమ సార్వత్రిక ఎన్నికలలోనే స్త్రీలు పురుషులతో సమముగా వోటు వేసిరి. వారు భోజనపు బల్లకడ ముందుగ నేర్చిన సమత్వమును సభలో ఆలస్యముగ నేర్చిరి. మనము సభలో ముందుగ నేర్చి ఇంటిలో నింకను నేర్చుకొనుచున్నాము.

అచ్చటి మద్రియూ లోయ గూడ చెప్పదగినదే. యునెస్కో వారు 2004లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా నంగీకరించిరి. దేశ విస్తీర్ణములో సుమారు తొమ్మిది వంతులు నూటికి ఈ లోయయే. అందలి పచ్చికబయళ్లును అడవులును చాలవరకు ఉమ్మడి సొత్తు. నేటికిని లోనికి మోటారు దారి లేదు. రాళ్లు పరచిన పాతబాటయే గతి. ఉమ్మడి సొత్తన్న యెవరికిని పట్టనిదని మనలో ననేకుల తలంపు. అచ్చట పశువులను మేపువారు తరతరములుగా వంతు లేర్పరచుకొని దానిని కాపాడుకొనిరి. వంతు ననుసరించి చేసికొన్న పని యెవరికిని భారము కాదు.

ఇంటి పనియు నట్టిదే. వంట యొకరి జన్మహక్కు కాదు, ఒకరి శిక్షయు కాదు. అది ఇంటిల్లిపాదికిని ఉమ్మడి పచ్చికబయలు. తిరుమలకు గాని సింహాచలమునకు గాని ప్రయాణము కట్టు మన చదువరులు మూటలు కట్టుటకు ముందే వంట వంతులు నిర్ణయించుకొందురు గాక. తిరిగివచ్చిన పిమ్మట ఆ వంతులను మానకుందురు గాక.